పోబాకు అని చెప్పే హక్కు

పోయిన నెల ఒకాయన నా నంబరు కనుక్కొని ఫోన్ చేశాడు. నెల్లూరు జిల్లాలో మా తీరం మీద సరుగుడు తోట ఒకటి తీసుకొని కాటేజీలు కడుతున్నాడు. కాలువ దాటితే అవతల ఇసుక దిబ్బ ఉంది. దాని మీద టెంట్లు, భోజనాల పాక వేస్తాడు. ఇవతలి నుంచి అవతలికి జనాన్ని బోట్ల మీద దాటిస్తాడు. "గల్ఫ్‌లో దీవి రిసార్టులో తొమ్మిదేళ్ళు గస్తీ బోటు నడిపారంట కదా, మా దగ్గరికి రండి, కెప్టెన్ అని బోర్డు కూడా పెడతాను" అన్నాడు. చెప్పిన జీతం మా వైపు లెక్కల్లో మంచిదే.

వెళ్ళి కూర్చున్నాను. ఆయన మర్యాదస్తుడు. టీ తెప్పించి, ప్లాను కాగితం పరిచి, ఎక్కడ జెట్టీ వస్తుందో, ఎక్కడ దీపాలు పెడతారో ఓపిగ్గా చూపించాడు. అంతా విన్నాక ఒక్కటే అడిగాను. "గాలి బాగాలేని రోజు నేను బోట్లు ఆపేస్తే, మళ్ళీ వదలమని చెప్పే అధికారం ఎవరికుంటుంది?"

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. "మీరే కదా కెప్టెన్, మీరే చూసుకోండి. మరీ ఇబ్బందిగా ఉంటే మన మేనేజర్ ఉంటాడు, మాట్లాడుకోండి" అన్నాడు. తర్వాత ఇంకో మాట కలిపాడు. "శని, ఆదివారాలు మాత్రం గస్తీ బోటులో కూడా గెస్టుల్ని తిప్పాలండీ. ఉన్న బోట్లు చాలవు."

ఇంటికొచ్చాక ఆ రెండు మాటలూ నన్ను నిద్రపోనివ్వలేదు. ఆయన చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. కానీ నీళ్ళ మీద మనుషులు పోయేది ఎక్కువగా ఆ రెండు మాటల దగ్గరే అని తొమ్మిదేళ్ళలో నాకు గట్టిగా అర్థమైంది. బోట్లను ఆపేవాడి మీద టిక్కెట్లు అమ్మేవాడికి అధికారం ఉండకూడదు. ఆపే బోటు, తిప్పే బోటు ఒకటే కాకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. చెప్పినంత తేలిక కాదు కాబట్టే ఇంత రాస్తున్నాను.

మా నాయన సముద్రాన్ని చూసే తీరు

మాది పట్టపుపాళెం. నా చిన్నప్పుడు మా నాయన తెల్లవారుజామున దరి మీద నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూసేవాడు. అల ఎక్కడ విరుగుతోంది, రెండు పెద్ద అలల మధ్య ఎంత సందు దొరుకుతోంది, గాలి ఏ మూల నుంచి వస్తోంది, అన్నీ ఆ చూపులోనే తేల్చుకునేవాడు. కొన్ని రోజులు వల మోసుకొచ్చి, తెప్ప దగ్గర దించి, మళ్ళీ భుజాన వేసుకొని ఇంటికొచ్చేసేవాడు. మేం ఎగబడి అడిగితే "పోబాకు" అని ఒక్క మాట అనేవాడు. మా నెల్లూరు, ప్రకాశం వాళ్ళకు వద్దని చెప్పడానికి ఉన్న సొంత మాట అది. పోబాకు, చెయ్యబాకు, ఎక్కబాకు. ఆ మాటలో కోపం ఉండదు. అలా అని బతిమాలడమూ ఉండదు.

ఆ రోజు మా ఇంట్లో కూర ఉండేది కాదు. అమ్మ చింతపండు చారు కాచేది. ఆ నష్టం ఎవరికి వస్తుందో నాయనకు తెలుసు, అది తన ఇంటికే వస్తుందనీ తెలుసు. తెప్ప తనది, వల తనది, ప్రాణం తనది. అందుకని వద్దనే హక్కు కూడా తనదే. ఇంకొకరిని అడగాల్సిన పని లేదు. పాళెం మొత్తానికి సంబంధించిన సంగతైతే పెద్దలు కూర్చొని దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేసేవాళ్ళు. దురాయి పడ్డాక ఎంత మొనగాడైనా పడవ దించడు. దించితే తప్పు కట్టాలి. ఆ పెద్దల్లో చేపలు కొనుక్కుపోయే వ్యాపారి ఉండేవాడు కాదు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది.

నేను జీతానికి పడవ ఎక్కిన రోజే ఆ హక్కు నా చేతిలోంచి జారిపోయింది. బోటు నాది కాదు. ఎక్కేవాళ్ళు నావాళ్ళు కాదు. ఆపితే వచ్చే నష్టం నాది కాదు, వదిలితే పోయే ప్రాణమూ నాది కాకపోవచ్చు. నెలజీతగాడికి పోబాకు అని చెప్పే హక్కు తనంతట తనకు రాదు. ఎవరో ఒకరు కాగితం మీద రాసి ఇవ్వాలి. చాలామంది ఇవ్వరు. సముద్రం తెలిసినవాణ్ణి పెట్టుకున్నాం కదా, ఇంకేం కావాలి అనుకుంటారు.

గస్తీ బోటు పని

ఊళ్ళో వాళ్ళు నా ఉద్యోగం గురించి వినగానే, మునిగిపోతున్నవాళ్ళను దూకి కాపాడటం అనుకుంటారు. తొమ్మిదేళ్ళలో నీళ్ళలోంచి మనిషిని పైకి లాగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా రోజులన్నీ ఆపడమే పని.

పొద్దున ఐదున్నరకు బోటు చూసుకోవాలి. ఇంజన్ ఆయిల్, పెట్రోలు, బ్యాటరీ, లంగరు తాడు, విసిరే రింగు, మందుల పెట్టె. రేడియో తీసి 16వ చానల్ వింటున్నామా లేదా సరిచూసుకోవాలి. సాయం అడిగే పిలుపు ప్రపంచంలో ఎక్కడైనా ఆ చానల్ మీదే వస్తుంది. తర్వాత హార్బర్ చుట్టూ బోయలు (నీళ్ళ మీద తేలే గుర్తులు) కట్టిన గీత మొత్తం ఒక చుట్టు తిరిగి రావాలి. రాత్రి గాలికి ఒక బోయ జరిగినా, పొద్దున జెట్ స్కీ (నీళ్ళ మీద నడిపే మోటారు బండి) వాడు ఈతగాళ్ళ మధ్యకు వచ్చేస్తాడు. హార్బర్ లోపల 5 నాట్లకు మించి ఎవరూ నడపకూడదు, అంటే గంటకు తొమ్మిది కిలోమీటర్లు. సైకిలంత వేగం. సొంత యాటులున్న షావుకార్లకు ఆ మాట చెప్పడం నా రోజువారీ పని. జెట్ స్కీ ఎక్కేవాడి మణికట్టుకు ఎర్ర తాడు కట్టాలి. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. ఆ తాడు కట్టుకోవడానికి సిగ్గుపడే మగవాళ్ళు ఎంతమందో చెప్పలేను.

మనిషి నీళ్ళలో పడితే ఏం చేయాలో మాకు నేర్పినప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. బోటులో ఒకడు ఏ పనీ చేయకూడదు. చేయి చాచి పడినవాడి వైపు వేలు చూపిస్తూ నిలబడాలి. తాడు విసరడం, బోటు తిప్పడం, రేడియోలో చెప్పడం మిగతావాళ్ళు చూసుకుంటారు. వాడి కన్ను మాత్రం ఆ తల మీంచి తిరగకూడదు. అల మీద మనిషి తల కొబ్బరికాయ కంటే చిన్నగా కనపడుతుంది. ఒక్క క్షణం చూపు తిప్పితే మళ్ళీ దొరకదు. బోటు నడిపేవాడు గాలికి ఎదురుగా మెల్లగా దగ్గరికి వచ్చి, పంకా రెక్కలు తగలకుండా ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి, భుజం పక్క నుంచి లాగాలి. శని, ఆదివారాల్లో గస్తీ బోటులో పదిమంది గెస్టులుంటే ఆ వేలు చూపించేవాడు ఎక్కడ నిలబడతాడు? కాటేజీల ఆయన రెండో మాటకు నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. పిలుపు వచ్చినప్పుడు నా బోటు ఖాళీగా, నా మనుషులు తయారుగా ఉండాలి. ఖాళీగా ఉన్న బోటు దండగ కాదు. ఫైరింజన్‌లో కూరగాయలు మోయించం కదా.

అద్దంలా ఉన్న నీళ్ళు

గల్ఫ్‌లో షమాల్ అనే గాలి ఉంది. వాయవ్యం నుంచి కొడుతుంది. చలికాలంలోనూ వస్తుంది, ఎండాకాలంలోనూ వస్తుంది. షమాల్ లేచినప్పుడు దీవికి వాయవ్యం వైపు సముద్రం తెల్లగా నురగలు కక్కుతుంది. అటు ఎవరూ పోరు, చూస్తేనే భయం వేస్తుంది. ఆగ్నేయం వైపు మాత్రం దీవి చాటున నీళ్ళు అద్దంలా ఉంటాయి. గెస్టులంతా అక్కడికే వస్తారు. ఆ గాలి దరి మీంచి సముద్రం లోపలికి వీస్తోందని ఎవరికీ తట్టదు. గాలి నింపిన ట్యూబు మీద పడుకున్నవాడు పది నిమిషాల్లో వంద గజాలు లోపలికి పోతాడు. దీవి చాటు దాటాడా, ఇక వెనక్కి ఈదలేడు.

ఒక మధ్యాహ్నం తొమ్మిదేళ్ళ పిల్లవాడు గులాబీ రంగు ఫ్లెమింగో బొమ్మ మీద అలా పోయాడు. తల్లి దరి మీదే కూర్చొని ఉంది, చూస్తూనే ఉంది. నీళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి కాబట్టి ఆమెకు భయం వేయలేదు. మేం వెళ్ళేటప్పటికి పిల్లవాడు ఏడవడం కూడా మానేసి బొమ్మ మెడను గట్టిగా వాటేసుకొని ఉన్నాడు. వాడి వేళ్ళు విడిపించడానికి కొంతసేపు పట్టింది. నేను పులికాట్ పక్క జిల్లా వాణ్ణి. ఫ్లెమింగో అంటే నాకు సూళ్ళూరుపేట, నేలపట్టు, చలికాలం, చుట్టాలతో పండగ గుర్తొస్తాయి. ఆ రోజు నుంచి ఆ బొమ్మను ఎక్కడ చూసినా ఆ పిల్లవాడి వేళ్ళే గుర్తొస్తున్నాయి.

మరునాటి నుంచి షమాల్ రోజుల్లో ఆగ్నేయం వైపు ట్యూబులు ఆపేశాం. నీళ్ళు అద్దంలా ఉంటే ఎందుకు ఆపారని రోజూ తగవే. భయం వేసే సముద్రం దగ్గర మనుషుల్ని ఆపనక్కర్లేదు, వాళ్ళే ఆగుతారు. భయం వేయని చోట ఆపాలి. అక్కడ నీ మాట ఎవరూ నమ్మరు. అప్పుడు నీ వెనక అధికారం లేకపోతే నీకు తెలిసిన సముద్రం అంతా కలిసినా ఒక్క ట్యూబును ఆపలేదు.

నేను వదిలేసిన సాయంత్రం

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయకపోతే మిగతాదంతా నీతులు చెప్పినట్టుంటుంది.

నేను చేరిన రెండో ఏడు. అప్పటికి హార్బర్ కెప్టెన్, గస్తీ బోటు వాళ్ళం అందరం వాటర్ స్పోర్ట్స్ (నీళ్ళ ఆటల) మేనేజర్ కింద పనిచేసేవాళ్ళం. జెట్ స్కీలు అద్దెకిచ్చేది ఆ మేనేజరే, ఆపాల్సింది నేను, నా సెలవులు మంజూరు చేసేది ఆయనే. ఒక శుక్రవారం సాయంత్రం గాలి పెరుగుతోందని ఎర్ర జెండా వేశాను. పావుగంటలో ఫోన్ వచ్చింది. పెద్ద గెస్టు, ఇద్దరు కొడుకులు, ఒక్క రౌండు, పదిహేను నిమిషాలు. "నువ్వు వెనకాలే వెళ్ళు, సరిపోతుంది" అన్నాడు. నేను కాదనలేదు. అప్పుడు మా చెల్లెలి పెళ్ళి కుదిరి ఉంది, నెలలో సెలవు కావాలి. నా బుర్రలో గాలి కంటే ఆ సెలవే ఎక్కువ తిరిగింది.

పిల్లలు రెండు జెట్ స్కీల మీద విడిపోయారు. నేను ఒకడి వెనక వెళ్ళాను. రెండోవాడి బండి ఆగిపోయింది. పొద్దు కుంకింది. అలల మధ్య ఆగిపోయిన జెట్ స్కీని వెతకడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. రెండు గంటల పది నిమిషాలు వెతికాం. కోస్ట్ గార్డుకు చెప్పాం. చివరికి ఒక చేపల పడవ వాళ్ళు లైటు ఊపి పిలిచారు. కుర్రాడు బతికే ఉన్నాడు, జాకెట్ వేసుకొని ఉన్నాడు, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. తండ్రి నన్నేమీ అనలేదు. జెట్టీ మీద కూర్చొని కొడుకు కాళ్ళు తుడుస్తూ ఉండిపోయాడు.

రోజూ జరిగింది రాసే లాగ్ పుస్తకంలో ఆ సాయంత్రం "అనుమతించాను" అని నా చేతివ్రాతతోనే ఉంది. ఫోన్ చేసినవాడి పేరు ఎక్కడా లేదు. విచారణ జరిగితే సంతకం చేసినవాడినే అడుగుతారు, అది న్యాయమే. నా సెలవు కోసం నేను ఒక పిల్లవాణ్ణి సముద్రంలోకి వదిలాను. దాన్ని ఇంకో రకంగా చెప్పుకోలేను.

ఆ తర్వాత రిసార్టు వాళ్ళు ఒక పని చేశారు. హార్బర్ కెప్టెన్‌ను వాటర్ స్పోర్ట్స్ కింద నుంచి తీసి భద్రత చూసే అధికారి కింద పెట్టారు. ఎర్ర జెండా వేశాక దించాలంటే దించమన్నవాడు తన పేరు, సమయం, కారణం లాగ్‌లో రాసి సంతకం పెట్టాలని నిబంధన పెట్టారు. ఆ తర్వాతి ఏడేళ్ళలో నా జెండా దించడానికి ఒక్కరు కూడా సంతకం పెట్టలేదు. ఫోన్లు చాలా వచ్చాయి. పుస్తకం పట్టుకురమ్మంటారా అని అడిగితే అవతలి గొంతు మారిపోయేది. నేను అదే మనిషిని, అదే సముద్రం, మారింది ఆ ఒక్క నిబంధనే.

అనవసరంగా ఆపిన రోజు

అధికారం వచ్చాక నేనెప్పుడూ తప్పు చేయలేదా అంటే, చేశాను. ఒంగోలు నుంచి ఒక కుటుంబం వచ్చింది. కొడుకు దుబాయ్‌లో ఉద్యోగం, అమ్మానాన్నలకు చూపిద్దామని తెచ్చాడు. నేను తెలుగువాణ్ణని తెలిసి ఆ పెద్దాయన ముఖం వెలిగిపోయింది. చివరి రోజు సాయంత్రం బోటులో దీవి చుట్టూ తిరగాలని వాళ్ళ ఆశ. ఆ రోజు గాలి పెరుగుతుందని అంచనా ఉంది, నేను ఆపేశాను. "మన ఊరోడివే కదా నాయనా, ఒక్క చుట్టు తిప్పు" అన్నాడు పెద్దాయన. ఆయన భార్య నా చేయి పట్టుకొని అడిగింది. కుదరదన్నాను.

గాలి రాలేదు. ఆ సాయంత్రమంతా సముద్రం చెరువులా ఉంది. వాళ్ళు జెట్టీ మీద కూర్చొని పొద్దుగూకేదాకా నీళ్ళు చూసి వెళ్ళిపోయారు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, మళ్ళీ అంత దూరం వస్తుందని నేననుకోను. ఈ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆపడం వల్ల ఏ ప్రాణం నిలిచిందో ఎప్పటికీ కనపడదు. ఆపడం వల్ల ఎవరి ఆశ పోయిందో మాత్రం ఎదురుగా కూర్చొని ఉంటుంది. ఆపేవాడికి పేరు రాకపోవడానికి కారణం ఇదే. ఆపేవాడు తప్పు చేస్తాడని ఒప్పుకుంటాను. అయినా ఆ తప్పుకు నేను వాళ్ళను క్షమాపణ అడగగలిగాను, అడిగాను. జెట్ స్కీ పిల్లవాడు దొరక్కపోతే ఎవరిని అడిగేవాణ్ణి?

ఒంగోలు అనగానే మా వైపు అందరికీ 2017 గుర్తొస్తుంది. నవంబరు 12, కార్తీక మాసంలో ఆదివారం. వాకర్స్ క్లబ్ వాళ్ళు కుటుంబాలతో విజయవాడ వెళ్ళారు. సాయంత్రం పవిత్ర సంగమం దగ్గర హారతి చూడటానికి బోటు ఎక్కారు. ఫెర్రీ ఘాట్ దగ్గర బోటు బోల్తా పడింది. ఇరవై మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఒంగోలు వాళ్ళే. పరిమితికి మించి ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. రెండేళ్ళకు, 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదలో ఉండగా కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్ళిన బోటు మునిగితే బయటపడింది మూడింట ఒక వంతే. వాళ్ళనూ కచ్చులూరు ఊరివాళ్ళే తమ పడవల్లో వెళ్ళి బయటికి లాగారు. అంతకుముందు 2011 క్రిస్మస్ రోజున పులికాట్‌లో తమిళనాడు వైపు పడవ తిరగబడి 22 మంది పోయారు. మూడుసార్లూ జనం సరదాగా బయల్దేరినవాళ్ళే.

ప్రతిసారీ తర్వాత మనం కాగితాలు అడుగుతాం. అనుమతి ఉందా, రిజిస్ట్రేషన్ ఉందా, నడిపేవాడికి సర్టిఫికెట్ ఉందా. అడగాల్సిందే. 1917 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం పోయి 2021లో కొత్తది వచ్చింది, మంచిదే. కానీ ఈ ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు, ఈ గాలిలో, ఈ పద్నాలుగు మందితో ఈ బోటు కదలొచ్చా అన్న ప్రశ్నకు ఏ సర్టిఫికెట్టూ జవాబు చెప్పదు. జెట్టీ మీద నిలబడ్డ ఒక మనిషి చెప్పాలి. ఆ మనిషి జీతం ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు సంగతి.

తుఫాను వచ్చినప్పుడు మనకు ఈ సంగతి బాగానే తెలుసు. కృష్ణపట్నం పోర్టులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక అని పేపర్లో వేస్తారు. ఆ జెండా ఎగరేసేవాణ్ణి దించమని ఏ హోటల్ మేనేజరూ ఫోన్ చేయడు. పెద్ద గాలికి ఉన్న మర్యాద చిన్న గాలికి లేదు. మనుషులు పోయేది మాత్రం ఎక్కువగా చిన్న గాలికే, పండగ పూటే, మబ్బు కూడా లేని రోజే.

తలకు పాతిక రూపాయలు

ఈ ఆలోచనంతా మా బావకు చెప్పాను. మా వైపే ఒక కాలువలో వాడు బోటు తిప్పుతాడు. బోటు వేరేవాళ్ళది. ఎనిమిది మందికి చేసిన ఫైబర్ బోటులో పోయిన ఆదివారం పద్నాలుగు మంది ఉండగా నేను కళ్ళారా చూశాను. జాకెట్లు ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లలో, సీటు కింద. ఫోటో కోసం అందరూ ఒక పక్కకు జరిగితే నీళ్ళకూ బోటు అంచుకూ మధ్య జానెడు కూడా లేదు. ఒడ్డుకొచ్చాక చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకెళ్ళాను.

బావ కోప్పడలేదు. లెక్క చెప్పాడు. మనిషికి వంద టిక్కెట్టు. అందులో వాడికి తలకు పాతిక. ఆదివారం పది ట్రిప్పులు. ఎనిమిది మందిని ఎక్కిస్తే రెండు వేలు, పద్నాలుగు మందిని ఎక్కిస్తే మూడున్నర వేలు. మిగతా వారమంతా కలిపితే ఆ ఒక్క రోజంత రాదు. "నువ్వు నెలజీతం మీద ఆపావు బావా. గెస్టు ఎక్కినా ఎక్కకపోయినా నీ జీతం నీకు పడింది. నేను పోబాకు అని చెప్తే ఆ రోజు నా పిల్లలకు నేనే పోబాకు అని చెప్పినట్టు" అన్నాడు.

వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాడు మా నాయన కంటే ధైర్యం తక్కువవాడేం కాదు. సముద్రం నాకంటే బాగా తెలుసు. కానీ వాడికి తలకు ఇంత అని కట్టిచ్చినప్పుడే పద్నాలుగో మనిషిని ఎక్కించమని చెప్పినట్టయింది. జాకెట్లు వేయించకపోవడమూ అందుకే. ఒక్కొక్కరికి బిగించడానికి రెండు నిమిషాలు పడుతుంది, పది ట్రిప్పులు ఏడవుతాయి. ప్రమాదం జరిగినప్పుడు బోటు నడిపేవాడి అత్యాశ అని రాస్తారు. ఆ ఆశ వాడికి ఎవరు పెట్టారో కూడా రాయాలి.

ఇంటికొచ్చి నేనూ ఒక లెక్క వేశాను. తలకు ఇచ్చే పద్ధతి తీసేసి వాడికి రోజు కూలి కట్టాలి. ఇక ఆగిపోయిన రోజుల సంగతి. ఎనిమిది మంది చొప్పున నడిపితే నెలలో నాలుగు ఆదివారాలకు 320 టిక్కెట్లు, మామూలు రోజులవి ఒక వంద. ప్రతి టిక్కెట్టు మీద పది రూపాయలు విడిగా తీసి పెడితే నెలకు 4,200. ఒక ఆదివారం ఆగితే బావకు పోయేది రెండు వేలు. ఆ నెల టిక్కెట్లు 340కి తగ్గినా విడిగా తీసింది 3,400 ఉంటుంది, వాడి చేతికి డబ్బు ఇవ్వొచ్చు. బోటు ఓనరుకు నష్టం ఉంటుంది, లేదనను. బోటు ఆయనది, నష్టం భరించే శక్తీ ఆయనకే ఉంది.

ఇదేమీ వింత ఆలోచన కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మనవాళ్ళు వేటకు పోరు. చేపలు గుడ్లు పెట్టే కాలం అని ప్రభుత్వం ఆపుతుంది, ఆపినందుకు కుటుంబానికి భృతి ఇస్తుంది. ఒకప్పుడు పది వేలు, 2025 నుంచి ఇరవై వేలు. అది అందడం ఆలస్యమైందనో, పేర్లు ఎగిరిపోయాయనో గొడవలు ఉంటాయి. కానీ పడవ ఆపినవాడికి తిండి పెట్టాలన్న మాట మీద ఎవరికీ గొడవ లేదు. చేప గుడ్డు కోసం ఒప్పుకున్న న్యాయం, పడవెక్కే పిల్లల కోసం ఎందుకు ఒప్పుకోమో నాకు అర్థం కావడం లేదు.

ఒక అనుమానం మిగిలే ఉంది. కూలి ఎలాగూ వస్తుంది కదా అని చిన్న మబ్బుకే ఆపేసి ఇంట్లో పడుకుంటే? అలాంటివాళ్ళూ ఉంటారు. అందుకే ఆపేవాడు వేరు, నడిపేవాడు వేరు కావాలి. ఆపేవాడికి టిక్కెట్టులో వాటా ఉండకూడదు, ఆపిన రోజు కూలిలోనూ వాటా ఉండకూడదు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు రోజూ అలల అంచనా ఇస్తారు, వాతావరణ శాఖ గాలి చెబుతుంది, రెండూ ఫోన్లోనే దొరుకుతాయి. ఆపితే ఏ అంచనా చూసి ఆపాడో పుస్తకంలో రాయాలి. వదిలినా రాయాలి. అప్పుడు బద్ధకమూ కనపడుతుంది, మొహమాటమూ కనపడుతుంది.

నిన్న బావ దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఈ లెక్క చూపించాను. కాగితం రెండుసార్లు చదివాడు. "ఆ పది రూపాయల పెట్టె ఎవరి దగ్గర ఉంటుంది?" అని అడిగాడు. పాళెం పెద్దల దగ్గర ఉంటే ఎట్టా ఉంటుందన్నాను. కాసేపు కాలువ వైపు చూశాడు. "మా ఓనరుతో నువ్వే మాట్లాడు. ఆయన ఒప్పుకుంటే బోటు తాళం ఆదివారం పొద్దున నీ చేతిలో పెడతా. నువ్వు ఇస్తేనే తీస్తా" అన్నాడు.

కాటేజీల ఆయనకు కూడా ఫోన్ చేశాను. మూడు సంగతులు రాతపూర్వకంగా కావాలన్నాను. గస్తీ బోటులో ఏ రోజూ గెస్టులు ఎక్కకూడదు. మేనేజర్ నా పైన ఉండకూడదు. నా జెండా దించాలంటే ఆయన స్వయంగా వచ్చి పుస్తకంలో సంతకం పెట్టాలి. మొదటిదానికి బోట్లు చాలవన్నాడు. రెండోదానికి ఆలోచిస్తానన్నాడు. మూడోది విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. "నేను సంతకం పెట్టాక ఏదన్నా అయితే?" అన్నాడు.

సోమవారం రమ్మన్నాడు. పాత లాగ్ పుస్తకంలోంచి ఆ శుక్రవారం సాయంత్రం పేజీ ఫోటో తీసి దాచుకున్నాను. అది పట్టుకొని వెళ్తున్నాను.